సోమవారం మ్యాట్నీ

శుక్రవారం మ్యాట్నీ వదిలే వేళకి నేను నేల టికెట్ల గేటు పక్కన నిలబడేవాణ్ణి. సినిమా పెట్టెతో పాటు ఊరూరా తిరిగే రిప్రజెంటేటివ్‌గా పదకొండేళ్ళు చేశాను. బయటికొచ్చే జనం ఏమనుకుంటున్నారో విని, డి.సి.ఆర్. అనే రోజువారీ కలెక్షన్ రిపోర్టు మీద సంతకాలు పెట్టించుకుని, పోస్టాఫీసుకి పోయి విజయవాడ గాంధీనగర్ ఆఫీసుకి ట్రంకాల్ బుక్ చేయాలి. లైను కలవగానే అవతలి నుంచి ఒకటే మాట: "టాక్ ఏంటయ్యా?" మూడు నిమిషాల్లో చెప్పేయాలి. దాటితే రెండో కాల్ డబ్బులు నా బత్తాలోంచి పోయేవి.

ఆ పనే నాకంటే డెబ్బై ఏళ్ళ ముందు అమెరికాలో కొందరు మేనేజర్లు టైపు కొట్టి మరీ చేశారు. బి.ఎఫ్. కీత్, ఇ.ఎఫ్. ఆల్బీల వాడెవిల్ థియేటర్ల నుంచి వెళ్ళిన వారం వారం రిపోర్టులవి. 1902 నుంచి 1923 దాకా ఉన్న పుస్తకాలు అయోవా విశ్వవిద్యాలయంలో దాచారు. కంప్యూటర్ తెర మీద ఆ పేజీలు తిప్పుతుంటే మా డి.సి.ఆర్. పుస్తకాల తాతల్ని చూసినట్టయింది.

వాడెవిల్లో కథ ఉండదు. ఒక టికెట్టుకి ఎనిమిదో తొమ్మిదో ఐటమ్స్: పాట, డాన్సు, గారడీ, కుక్కల ఆట, ఇద్దరు హాస్యగాళ్ళ వాదులాట, పావుగంట నాటిక. కీత్, ఆల్బీ ఇద్దరూ సర్కసుల వెంట తిరిగినవాళ్ళే. కీత్ 1883లో బోస్టన్‌లో తెరిచిన వింతల మ్యూజియంలో నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లని చూపించి డబ్బు చేసుకున్నాడు. అలాంటివాడే 1885లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆట ఆపకుండా నడపడం మొదలుపెట్టి, ఆడవాళ్ళూ పిల్లలూ నిశ్చింతగా వచ్చే హాలు మాదని పేరు తెచ్చుకున్నాడు. తర్వాత్తర్వాత పెద్ద హాళ్ళు రోజుకి రెండాటలకి దిగాయి. మూడు, అంతకంటే ఎక్కువ ఆడే చోటు 'స్మాల్ టైమ్'. రెండే ఆడే చోటు 'బిగ్ టైమ్'. ఆర్టిస్టు స్థాయిని రోజుకి ఎన్నాటలో అడిగి తెలుసుకునేవాళ్ళన్నమాట.

మాకు శుక్రవారమైతే వాళ్ళకి సోమవారం. రైలు దిగి వచ్చిన ఆర్టిస్టులు పొద్దున్నే తమ పాటల నొటేషన్ కాగితాలు స్టేజి ముందు వరసలో పెట్టేవారు. ఎవరి కాగితం ముందుంటే వాళ్ళకే ఆర్కెస్ట్రాతో మొదటి రిహార్సల్. హెడ్‌లైనరైనా ఆలస్యంగా వస్తే ఆగాల్సిందే. తెల్లారక ముందే కొళాయి దగ్గర బిందె పెట్టి పోయే పద్ధతి ఇది. మధ్యాహ్నం ఆటకి మేనేజరు హాల్లో వెనక ఎక్కడో కూర్చుంటాడు. స్టేజి మీద ఏముందో అతనికి సగమే కావాలి. మిగతా సగం ముందు వరసల వాళ్ళ మెడల్లో, గ్యాలరీ వాళ్ళ చేతుల్లో ఉంటుంది.

తర్వాత రిపోర్టు. ఐటమ్ పేరు, ఎన్ని నిమిషాలు, స్టేజి ఎంత మేర వాడారు, జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ చల్లబడ్డారు, చివర చప్పట్లు ఎలా పడ్డాయి. స్టేజి సంగతి ఎందుకంటే, పెద్ద సెట్టింగు ఐటమ్ అయ్యాక వెనక సామాను మార్చాలి. ఆ కాసేపూ ముందు తెరకి ఇవతల ఎవరో ఒకరు జనాన్ని పట్టి ఉంచాలి. దాన్ని 'ఇన్ వన్' అనేవారు. మన పద్యనాటకాలు చూసినవాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. వెనక దర్బారు సెట్టు పడుతుంటే ముందు తెర దగ్గర హాస్యం నడవలేదూ? జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటుంటారు కాబట్టి మొదటిది మాటల్లేని ఐటమ్, ఏ ఆక్రోబాట్లో. ఆఖరుకి ముందుది అందరికంటే గట్టివాడిది. మ్యాట్నీలో ఎవరైనా తేలిపోతే రాత్రి ఆటకే వరస మారిపోయేది.

మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఈ హాళ్ళలోనే ఆడాడు. తండ్రి ఆ పిల్లాణ్ణి స్టేజి మీద అటూ ఇటూ విసిరేసేవాడు. విసరడానికి వీలుగా చొక్కాకి వెనక సూట్‌కేసు పిడి కుట్టించారు. తాను నవ్వితే జనం తక్కువ నవ్వుతున్నారని, మొహం బిగించి ఉంటే విరగబడుతున్నారని ఆ వయసులోనే కనిపెట్టాడు. మేనేజరు వెనక వరసలో కూర్చుని పట్టుకునేదాన్ని, పిల్లాడు గాల్లో ఎగురుతూ పట్టుకున్నాడు.

నచ్చని మాటలు మ్యాట్నీ కాగానే కోసేసేవారు. 'స్లాబ్', 'సన్ ఆఫ్ ఎ గన్' లాంటి మాటలకి కూడా నిషేధమని స్టేజి వెనక బోర్డు కట్టిన రోజులవి. ఏ ముక్క కోశారో రిపోర్టులోనూ ఎక్కేది, ఆ ఐటమ్ ఎక్కబోయే తర్వాతి ఊరి మేనేజరుకి తెలియాలి కదా. నన్ను ఆపేసింది ఇక్కడే. కాపీలు న్యూయార్క్ ఆఫీసుకి వెళ్ళేవి, సర్క్యూట్‌లోని మిగతా మేనేజర్లకి వెళ్ళేవి. ప్రావిడెన్స్‌లో హాలు మేనేజరు చార్లెస్ లోవెన్‌బర్గ్ సోమవారం కొట్టిన నాలుగు లైన్లు ఆర్టిస్టు రైలెక్కక ముందే తర్వాతి ఊళ్ళకి చేరిపోయేవి. ఎవరి గురించి రాశారో వాళ్ళకి మాత్రం కాపీ లేదు. 1906 నాటికి బుకింగంతా యునైటెడ్ బుకింగ్ ఆఫీసు గుప్పిట్లోకి పోయింది. జీతంలో 5 శాతం కమీషన్ పట్టుకునేదీ అదే, రిపోర్టు చదివేదీ అదే. అంతకు ముందే, 1901లో 'వైట్ ర్యాట్స్' అనే ఆర్టిస్టుల సంఘం కమీషన్ మీద సమ్మె కట్టింది. యజమానులు సరేనని, తర్వాత మాట తప్పారు. 1917 సమ్మె కూడా ఓడిపోయింది. ఎదురు తిరిగినవాళ్ళ పేర్లు బ్లాక్‌లిస్టులోకి ఎక్కాయి.

నేనూ ఒకసారి తాడేపల్లిగూడెం నుంచి "సెకండాఫ్ లేదండీ" అన్నాను. రెండే మాటలు. ప్రింట్లు తగ్గించారు. ఆ దర్శకుడు నన్నెరగడు, నేనాయన మొహం చూడలేదు. ఆ మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయి జనం విసిగి ఉన్నారన్న సంగతి ఆ కాల్‌లో చెప్పలేదు. టైము చాలలేదు మరి.

ఆ రిపోర్టుల్లో నేను వెతికి వెతికి చదివింది చివరి లైను, సినిమా గురించినది. 1896 జూన్ 29న న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లోని కీత్ హాల్లో లుమియేర్ సోదరుల బొమ్మలు వేశారు. మొదట్లో వింత. కొన్నేళ్ళకి ఐటమ్స్ వరస చివరికి పోయింది, జనం లేచి వెళ్ళే టైములో. మేనేజర్లు దానికీ నిమిషాలు వేసి, ఏ రీలు నచ్చిందో ఏది నచ్చలేదో ఓ ముక్క రాసేవారు. 1928లో ఈ హాళ్ళన్నీ ఆర్.కె.ఓ. అనే సినిమా కంపెనీలో కలిశాయి. 1932లో న్యూయార్క్‌లోని ప్యాలెస్ అనే వాడెవిల్ థియేటర్ కూడా సినిమా హాలైంది. 1902 నాటి పేజీలో మాత్రం కుక్కల ఆట కింద, అందరి తర్వాత, ఒక్క లైనులో ఉంది మా పెట్టె.