ఐస్‌టీలో ఐసు ఎవరిది?

పీచ్, లెమన్, బెర్రీ. కరీంనగర్ కేఫుల మెనూల్లో ఐస్‌టీ పక్కన ఈ పేర్లు ఇప్పుడు మామూలే. ఇంట్లో ఎట్లా చేసుకోవాలో చూపించే వీడియోలకూ కొదవ లేదు. పీచ్ చెట్టు ఎట్లుంటదో మా దిక్కు చాలామందికి తెలియదు, అది వేరే సంగతి. ఈ పండ్ల టీ మీద నాకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, ఇది అమెరికా సరుకు అని. రెండోది, మంచి చాయ్‌ని ఖరాబ్ చేస్తున్నారని. రెండోది నాలుకకు సంబంధించిన మాట, దానితో నాకు పేచీ లేదు. మొదటిది చరిత్రకు సంబంధించింది. అందులో సగమే నిజం.

అమెరికాలో టీని చల్లగా తాగే అలవాటు పాతదే. 1839లో లెటిస్ బ్రయాన్ రాసిన 'కెంటకీ హౌస్‌వైఫ్' అనే వంటపుస్తకంలో టీ, చక్కెర, మీగడ, మద్యం కలిపిన పంచ్ ఉంది. 1879లో వర్జీనియా నుంచి వచ్చిన మరో వంటపుస్తకంలో నిమ్మకాయ పిండిన ఐస్‌టీ ఉంది, కాకపోతే గ్రీన్ టీతో. అయినా ఐస్‌టీ పుట్టుక అనగానే అందరూ చెప్పే కథ 1904 నాటి సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనది. ఎండలు మండిపోతున్నాయి, వేడి టీ ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ దగ్గరికి రావడం లేదు, అప్పుడు రిచర్డ్ బ్లెకిండెన్ అనే ఆయన ఆ టీని ఐసు మీదుగా పంపించి చల్లగా పోశాడట, జనం ఎగబడ్డారట. వంటపుస్తకాల తేదీలు చూస్తే ఆయన దీన్ని కనిపెట్టలేదని ఇట్టే తెలుస్తుంది. నాకు ఆసక్తి కలిగించింది ఆయన ఉద్యోగం. బ్లెకిండెన్ అక్కడ అమ్ముతున్నది మన దేశపు టీ. చైనా గ్రీన్ టీకి అలవాటుపడ్డ అమెరికన్లకు భారతదేశపు నల్ల టీ రుచి చూపించడానికి ఇక్కడి తోటల యజమానులు పెట్టుకున్న మనిషి. అంటే ఐస్‌టీకి పేరు తెచ్చిన ఆ స్టాలు అస్సాం, డార్జిలింగ్ కూలీలు తెంపిన ఆకును అమ్ముకునే ప్రయత్నంలో భాగం.

సరిగ్గా ఒక ఏడాది ముందు, 1903లో, ఇక్కడ టీ సెస్ చట్టం వచ్చింది. ఎగుమతయ్యే టీ మీద చిన్న పన్ను వేసి, ఆ డబ్బుతో దేశవిదేశాల్లో టీ ప్రచారం చేయడం దాని పని. 1930ల మాంద్యంలో విదేశాల్లో ధర పడిపోయేసరికి ప్రచారం గట్టిగా మనవైపు తిరిగింది. బజార్లలో ఉచితంగా టీ పోయడం, రైల్వే స్టేషన్లలో టీ కాచే పద్ధతిని భారతీయ భాషల్లో రాసి బోర్డులు పెట్టడం, చిన్న చిన్న పొట్లాలు అమ్మడం అన్నీ ఈ కాలపు పనులే. లిజ్జీ కాలింగమ్ 'కర్రీ' పుస్తకంలో దీని మీద మంచి అధ్యాయం ఉంది. ప్రచారం చేసినవాళ్లకు మనం పాలు, చక్కెర, మసాలా దండిగా వేసుకోవడం నచ్చలేదట. అవన్నీ పడితే ఆకు తక్కువ పడుతుంది కదా! మనవాళ్లు వినలేదు. ఇప్పుడు 'అసలు చాయ్' అని మనం గర్వంగా చెప్పుకునేది ఆ రోజుల్లో కంపెనీ లెక్క ప్రకారం తప్పుగా కాచిన టీ. చాయ్‌ని ఖరాబ్ చేస్తున్నారనే మాట వినబడినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

కాజీపేట నుంచి బల్లార్షా దాకా నిజాం రైలు పట్టాలు పడ్డది 1920ల చివర్లో. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి ఆ దారి మీదివే. గనులొచ్చాయి, కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు వచ్చింది, షిఫ్టులు వచ్చాయి. షిఫ్టు పని ఉన్నచోట చాయ్ హోటల్ ఉంటుంది, దానికి ప్రచారం అక్కర్లేదు.

ఇక పండు. దానికోసం ఎవరి దయా అక్కర లేదు. జగిత్యాల మామిడికి ఢిల్లీ దాకా గిరాకీ. మన బంగినపల్లినే అక్కడ సఫేదా అంటారు. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం తునికి పండ్లు, మొర్రి పండ్లు, వానలు మొదలయ్యేటప్పుడు నేరేడు, చలికాలం ముందు సీతాఫలం. పండు పిసికి, కాయ ఉడకబెట్టి తాగడం కొత్తగా ఎవరూ నేర్పలేదు. వడదెబ్బకు మామిడికాయ కాల్చి రసం తీసి ఉప్పూ బెల్లం కలిపి తాగించడం ఇంటింటి వైద్యం. పచ్చిపులుసు అన్నంలోకే కాదు, ఎండకు వచ్చినవాళ్లు గ్లాసులో పోసుకుని తాగడం కూడా ఉంది.

టీ వచ్చింది, పండు ఎప్పటినుంచో ఉంది. రానిది ఐసు. ఈ కథంతా నాకు అక్కడే ఆగినట్టు అనిపిస్తుంది.

చల్లదనం చాలాకాలం రాజుల సొత్తు. అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీళ్లలో కూజా తిప్పి తాగే నీళ్లను చల్లబరిచేవారని 'అయిన్-ఇ-అక్బరీ' చెబుతుంది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచుగడ్డల్ని రంపపు పొట్టులో చుట్టి ఓడలో కలకత్తా పంపాడు. 180 టన్నులు బయల్దేరితే నాలుగు నెలల ప్రయాణం తర్వాత సుమారు 100 టన్నులు మిగిలాయి. మద్రాసు సముద్రతీరంలో ఆ మంచు దాచడానికి కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందుడు బస చేసిన ఇల్లుగా. ఆ మంచు తెల్లదొరల గ్లాసుల్లోకి పోయింది. మనకు రంజన్ ఉండేది. మట్టికుండ చెమ్మ ఆరిపోతూ నీళ్లను చల్లబరుస్తుంది, గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. ఇసుక మీద రంజన్ పెట్టి, దానికి తడిగుడ్డ చుట్టిన ఇల్లు మే నెలలో ఇక్కడ భాగ్యవంతుల ఇల్లే.

తరువాత పట్టణాల్లో ఐసు ఫ్యాక్టరీలు వచ్చాయి. 'బరఫ్' అనే మాట మా భాషలో స్థిరపడింది. గోనెసంచిలో చుట్టి, పొట్టు చల్లి తెచ్చే గడ్డ పెళ్లిళ్లకు, షర్బత్ బండ్లకు, గోలాలకు. మామూలు రోజున ఇంట్లో ఐసు అనే ఊహే లేదు. గోద్రెజ్ వాళ్లు దేశంలో మొదటి ఫ్రిజ్ చేసింది 1958లో. అది మధ్యతరగతి ఇంట్లోకి రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది, ఊళ్లోకి రావడానికి ఇంకా ఎక్కువ.

ఫ్రిజ్ కొనగానే సరిపోదు, కరెంటు ఉండాలి. ఉత్తర తెలంగాణ సంగతి ఇక్కడ వేరే ప్రాంతాల సంగతిలాంటిది కాదు. కరెంటు ఇక్కడే పుట్టింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాక, గోదావరి పొడవునా బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రామగుండంలో 62.5 మెగావాట్ల బి-థర్మల్ 1971లో మొదలైంది. 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ వచ్చింది, అది పెరిగి 2600 మెగావాట్లయింది. ఆ కరెంటు కర్ణాటకకు, తమిళనాడుకు, కేరళకు కూడా పోయింది. దక్షిణాదిలో ఎన్ని నగరాల ఫ్రిజ్‌లలో ఐసు ట్రేలు ఆ బొగ్గుతో గడ్డకట్టి ఉంటాయో! బొగ్గు తవ్వినవాడు భూమి కింద వేడిలో, వాడి ఊరు పైన 45 డిగ్రీల ఎండలో, ఆ ఊళ్లో ఎండాకాలమంతా కోత. మా చిన్నప్పుడు రాత్రి తీగలు హైదరాబాద్ దిక్కు సాగిపోవడం చూస్తూ చీకట్లో విసనకర్ర ఊపుకునేవాళ్లం. పర్యావరణం గురించి, పరిహారం గురించి రాసినవాళ్లు ఉన్నారు. చల్లదనాన్ని కూడా ఆ లెక్కల్లో ఒక పద్దుగా రాయాలని నా వాదన.

ఇంకో దారిలో కూడా చల్లదనం వచ్చింది: గల్ఫ్. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కి, సౌదీకి పోయారు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో దుప్పట్లు, టార్చిలైట్లు, పాలపొడి డబ్బాలు, టాంగ్ డబ్బాలు. లేబర్ క్యాంపుల్లో మలయాళీల పక్కన పడుకుని వీళ్లు నేర్చుకున్నది సులైమానీ. పాలు లేని నల్ల చాయ్, నిమ్మరసం. పాలు లేకుండా చాయ్ తాగొచ్చని, అందులో పులుపు పడొచ్చని మా దిక్కు చాలా ఇండ్లకు చెప్పింది కేఫు కాదు, సెలవు మీద ఇంటికొచ్చిన కూలీ. మా మేనబావ మస్కట్ నుంచి వచ్చినప్పుడల్లా నల్ల చాయ్‌లో టాంగ్ కలిపి, పక్కింటి ఫ్రిజ్ నుంచి అడుక్కొచ్చిన ఐసు వేసి ఇచ్చేవాడు. అదే నేను తాగిన మొదటి ఫ్రూట్ ఐస్‌టీ. అప్పుడు దానికి పేరు లేదు.

చేసుకునే సంగతికొస్తే, మన కిరాణా కొట్లో దొరికేది సీటీసీ గింజ, డస్టు. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెకెర్చర్ చేసిన యంత్రంతో వచ్చిన పద్ధతి అది. ఆకును నలిపి, చీల్చి, చుట్టేస్తుంది. పాలల్లో మరిగించడానికి దాన్ని మించింది లేదు. చల్లబరిస్తే మాత్రం మసకబారుతుంది, ఎందుకంటే టీలోని కెఫీనూ రంగునిచ్చే పదార్థాలూ చలికి ఒకదానికొకటి అతుక్కుని తేలుతాయి. టీ ఎంత చిక్కగా ఉంటే మసక అంత ఎక్కువ. అందుకే వేడినీళ్లలో మరిగించొద్దు. లీటరు చల్లటి నీళ్లలో ఆకు టీ నాలుగైదు చెంచాలు వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే వగరు తక్కువ, రంగు తేట. మా ఎండను చూసి సీసా డాబా మీద పెట్టాలనిపిస్తుంది, 'సన్ టీ' అంటారు దాన్ని. వద్దు. ఆ గోరువెచ్చదనం సూక్ష్మజీవులకు పండగ.

పండు చివర్లో కలపాలి. కాల్చిన మామిడికాయ గుజ్జు రెండు చెంచాలు, బెల్లం, చిటికెడు ఉప్పు. పులుపు పడగానే టీ రంగు పలచబడుతుంది, అది మామూలే. నేరేడు అయితే గింజ తీసి ఉప్పు రాసి పిసికి వడగట్టాలి, దాని వగరూ టీ వగరూ కలుస్తాయి కాబట్టి ఆకు సగమే వేయాలి. సీతాఫలం వద్దు, అది పాలకు తగింది.

కరెంటు పోయిన రోజైతే చారెడు వేడినీళ్లలో ఆకు చిక్కగా నానబెట్టి, వడగట్టి, మామిడి రసంతో కలిపి, రంజన్ నీళ్లు పోయండి. మసకబారదు, ఎందుకంటే అంత చల్లబడదు. గంటలో తాగేయాలి, దాచుకోవడానికి వీల్లేదు.