కేంద్రకపు వాకిలి కథ

కణాన్ని ఒక ఇల్లనుకుంటే, జన్యుసంపదను భద్రపరచిన లోపలి గది కేంద్రకం. 1831లో స్కాట్లండుకు చెందిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాలను పరిశీలిస్తూ దానికి న్యూక్లియస్ అని పేరు పెట్టారు. గది గోడలు దాటి ప్రొటీన్లు లోపలికి ఎలా వెళతాయి? జన్యువుల ఆజ్ఞలను మోసే ఆర్‌ఎన్‌ఏ బయటి కణద్రవ్యంలోకి ఎలా వస్తుంది? సరైన సమాధానం దొరకడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

1950లో కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉభయచరాల అండకణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి, కేంద్రకపు పొరలో రంధ్రాలున్నాయని చూపారు. చిన్న అణువులు వాటి గుండా సులభంగానే జారిపోతాయి. కాని పెద్ద ప్రొటీన్లలో కొన్ని మాత్రమే లోపలికి వెళ్లి, తక్కినవి బయటే ఎందుకు ఆగిపోతాయి?

1982లో కేంబ్రిడ్జిలో రాన్ లాస్కీ బృందం న్యూక్లియోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌ను తల, తోక భాగాలుగా విడగొట్టి కప్ప అండకణాలలోకి సూదితో ఎక్కించింది. తోక కేంద్రకంలోకి చేరింది. తల బయటే మిగిలిపోయింది. అంటే ప్రవేశానికి కావలసిన అనుమతిపత్రం ప్రొటీన్‌లోనే, అదీ తోకలోనే ఉందన్నమాట. 1984లో ఒక కోతి వైరస్ ప్రొటీన్‌లో అటువంటి పత్రం కేవలం ఏడు అమైనో ఆమ్లాల వరుస అని తేలింది. అందులో ఒక్క లైసిన్ మారినా ప్రవేశం లేదు! ఆ పత్రాన్ని గుర్తించి లోనికి తీసుకుపోయే ఇంపోర్టిన్లు, బయటికి తెచ్చే ఎక్స్‌పోర్టిన్లు 1990లలో వెలుగుచూశాయి. ప్రొటీన్లు తమ గమ్యపు చిరునామాను తమలోనే మోస్తాయని నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

ఇదంతా మనకెందుకని మీరు అడగవచ్చు. కీళ్లనొప్పులకో, ఆయాసానికో వాడే స్టెరాయిడ్ మాత్ర ఈ వాకిలి గుండానే పనిచేస్తుంది. మందు కణద్రవ్యంలోని గ్రాహకాన్ని అంటుకుంటుంది. ఆ జంట కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్నింటిని అణచివేస్తుంది. అందుకే దాని పూర్తి ప్రభావం కనిపించడానికి గంటలు పడుతుంది. ఆ గ్రాహకం మోకాలిలో మాత్రమే లేదు, శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. కనుకనే నొప్పి తగ్గించిన మాత్రే ఎక్కువ కాలం వాడితే రక్తంలో చక్కెరను, రక్తపోటును పెంచుతుంది, ఎముకలను గుల్లబరుస్తుంది.

వైద్యుని సలహా లేకుండా దుకాణంలో కొని వాడకండి. చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానకండి. శరీరం తన సొంత కార్టిసాల్ తయారీని తగ్గించుకొని ఉంటుంది గనుక ప్రాణాపాయం కలగవచ్చు. మీరు మింగిన మాత్ర జన్యువులున్న గది దాకా వెళుతుందన్న సంగతి మరువకండి.