ఫూజీ పర్వతమును స్త్రీ నిషేధమును

జపాను దేశమున 3776 మీటరుల యెత్తున నిలిచిన ఫూజీ పర్వతమునకు అధిదేవత కొనొహనసకుయ యను పుష్పదేవత యని పెక్కురు నమ్ముదురు. స్త్రీమూర్తి వెలసిన ఆ కొండ శిఖరమును స్త్రీలు తొక్కరాదని శతాబ్దములపాటు నిషేధముండెను. రజస్సువలన స్త్రీ యశుచి యనుట దానికి జెప్పిన ముఖ్యకారణము. ఆ యశౌచము దేవతను మాత్ర మేల యంటదో చెప్పిన పండితుడు మాకు కానరాలేదు.

1872లో మెయిజీ ప్రభుత్వము శాసనముచే ఈ నిషేధమును తొలగించెనని చరిత్రకారులు వ్రాయుదురు. అది సత్యమే. కాని యా కొండపై తపస్సు చేసినవారే అంతకు ఎంతో ముందుగా దానిని కాదనిరి. ఆ సంగతి చదువరులకు తెలియవలసి యున్నది.

ఫూజీ భక్తులకు మూలపురుషుడు కకుగ్యో. ఆతడు కొండ దాపున నొక గుహలో చిన్న కొయ్యదిమ్మపై నిలిచి వేయిదినములు తపము సల్పెనని సంప్రదాయము. ఆ పరంపరలో 1671లో బుట్టిన జికిగ్యో మిరొకు సన్న్యాసి కాడు. ఎదో నగరమున, అనగా నేటి టోక్యోలో, నూనె యమ్మి బ్రదికిన సంసారి. ఎవరి వృత్తిని వారు నిజాయితీతో నడపుటయే పూజ యనియు, స్త్రీపురుషులు సమానులనియు, రజస్సు మైల కాదనియు ఆతడు బోధించెను. 1732లో గొప్ప కఱవు వచ్చెను. మఱుసటియేట ఎదో ప్రజలు బియ్యపు వర్తకుని యింటిపై బడిరి. ఆ యేడే జికిగ్యో కొండనెక్కి, శిఖరమునకు దిగువ నొక బండచెంత ఆహారము మాని, నెలదినములు శిష్యునకు బోధించుచు దేహము చాలించెను. ప్రాయోపవేశమును మేము మెచ్చము. ఆ బోధను మాత్రము మెచ్చకుండ లేము. తరువాత దానిని నిలిపినది ఆతని మూడవ కూతురు హన.

ఆతని శిష్యుడైన యొక తోటమాలి ఫూజీ లావారాళ్ళను దెచ్చి నగరములోనే చిన్న ఫూజీని గట్టెను. పిదప నట్టివి పెక్కు వెలసెను. పెద్దకొండకు పోలేని స్త్రీలు, వృద్ధులు, బాలురు వానినెక్కి మ్రొక్కిరి. కొన్ని నేటికిని టోక్యోలో నున్నవి. అయిన నకలుతో తృప్తిపడని స్త్రీయు నుండెను. 1832లో, యాత్రాకాలము గడచి చలి ముదిరిన దినములలో, తకయామ తత్సు పురుషవేషము దాల్చి, కొతని సన్షి యను గురువు వెంట నిజమైన శిఖరమునే చేరెను.

1867లో బ్రిటిషు రాయబారి పార్క్సు భార్య ఫూజీ నెక్కెను. దేశపు బిడ్డను మాఱువేషమున నడిపించిన ఆచారము రాయబారి భార్య కడ్డుపడలేదు! 1872 శాసనమునకు సైతము క్యోటో ప్రదర్శనమునకు వచ్చు విదేశీయుల సౌకర్యమే కారణమని కొందఱందురు. ఆ యేడే ప్రభుత్వము షుగెన్దో యను పర్వతతాపసుల మార్గమును రద్దు చేసెను.

నేడు ఫూజీపై స్త్రీలు నిరాటంకముగ నెక్కుచున్నారు. ఓమినే పర్వతశ్రేణిలోని సంజోగతకె శిఖరమునకు పోవు దారిలో మాత్రము స్త్రీలు రాగూడదను పలక నేటికిని ద్వారముకడ నిలిచియున్నది.