స్థానిక నెట్‌వర్కులను క్లౌడులోనికి విస్తరించుట

ఒక సంస్థ తన ప్రాంగణమందు నడపుకొనుచున్న కంప్యూటర్ల నెట్‌వర్కును, దూరమున వేఱొకరి డేటా సెంటరులో అద్దెకు గైకొనిన సర్వర్లవఱకు పొడిగించి, ఆ రెండింటిని ఏకవ్యవస్థగా వర్తింపజేయు నిర్మాణవిధానమునకు హైబ్రిడ్ నెట్‌వర్క్ అని వ్యవహారము.

స్థానిక నెట్‌వర్కునకు మూలాధారమైన ఈథర్నెట్టు 1973లో కాలిఫోర్నియాయందలి జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ ఊహయందు జనించి, డేవిడ్ బాగ్స్ సహకారమున కార్యరూపము దాల్చినది. దాని స్వభావము నెఱుగనిదే విస్తరణలోని చిక్కు బోధపడదు. ఒకే స్విచ్చుల సముదాయమునకు చేరిన యంత్రములలో ఏదేని యొకటి, తాను వెదకు అడ్రసు ఎవ్వరిదో తెలియనపుడు, వీధిలో నిలిచి కేకవేసిన చందమున అందఱికిని బ్రాడ్‌కాస్టు పంపి యడుగును. ఒక భవనమున హాయిగా సాగు ఈ పద్ధతిని వందల కిలోమీటర్లు లాగినచో, ప్రతి కేకయు ఆ దూరమంతయు పోవలసి వచ్చును. ఒకచోట పుట్టిన దోషము రెండవచోటును స్తంభింపజేయును. కావున క్లౌడునకు సాగదీయవలసినది స్విచ్చుల సముదాయము కాదు. రౌటర్ల నడుమ మార్గజ్ఞానమే. పాత సర్వర్లను అడ్రసు మార్చకుండ తరలించునపుడు మాత్రము, తాత్కాలికముగా, మొదటి పద్ధతి క్షంతవ్యము.

2009లో అమెజాన్ సంస్థ వర్చువల్ ప్రైవేట్ క్లౌడ్ సేవను ప్రవేశపెట్టినపుడు, ఖాతాదారుని ప్రాంగణమునుండి ఐపీసెక్ వీపీఎన్ అను గూఢీకృత సొరంగము ద్వారా దానిని చేరుటయే ముఖ్యోద్దేశము. అందు బ్రాడ్‌కాస్టునకు తావే లేదు. రెండు కొసలనున్న రౌటర్లు బీజీపీ అను నియమావళి ననుసరించి, ఏ అడ్రసులు ఎవరి యొద్ద నున్నవో పరస్పరము తెలుపుకొనును. సొరంగము పబ్లిక్ ఇంటర్నెట్టు మీదుగా పోవుటచే వేగము నిలుకడగా నుండదు. నిలుకడ కోరువారు ప్రత్యేకమైన లీజుడ్ లైను నాశ్రయింతురు. గూఢీకరణకై ప్రతి ప్యాకెట్టునకు అదనపు హెడరు చేరుటచే, ఈథర్నెట్టునకు సహజమైన 1500 బైట్ల పరిమితి చాలక, చిన్న సందేశములు పోవుచుండగా పెద్ద ఫైళ్లు మాత్రము నడుమ నిలిచిపోవుట తఱచుగా కానవచ్చు వ్యాధి.

అన్నిటికంటె ముందుగా చేయవలసినదియు, అందఱును ఉపేక్షించునదియు అడ్రసుల ప్రణాళికయే. 10, 172.16 నుండి 172.31, 192.168 అంకెలతో ఆరంభమగు అడ్రసులను 1996లో ఎవరైనను లోపల వాడుకొనుటకు ప్రత్యేకించిరి. అందుచే రెండు ప్రక్కలను ఒకే అంకెలు పడుట సులభము. పడినచో ప్యాకెట్టును ఏ దెసకు పంపవలెనో రౌటరు నిర్ణయింపజాలదు. నాట్ అను అడ్రసుమార్పిడిచే దీనిని కప్పిపుచ్చవచ్చునుగాని, ఆపిమ్మట లోపమును వెదకువాని శ్రమ వర్ణనాతీతము.

కాలవ్యయము మఱియొక పరిమితి. ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పయనించును గాన, 1000 కిలోమీటర్లు పోయివచ్చుటకు 10 మిల్లీసెకన్లు పట్టును; డేటాబేసును ఒకదాని వెంట నొకటిగా నూఱు ప్రశ్నలడుగు ప్రోగ్రామునకు నిరీక్షణయే ఒక సెకను. 2016లో ముంబయియందును, 2022లో హైదరాబాదునందును అమెజాన్ తన కేంద్రములను నెలకొల్పుటచే తెలుగునాటి సంస్థలకు ఈ భారము తగ్గినది.

పేరునుబట్టి అడ్రసు తెలుపు డీఎన్ఎస్ సర్వరును ప్రాంగణమందొకటి, క్లౌడునందొకటి యుంచుట అవశ్యకర్తవ్యము. ఒకేచోట నున్నచో, నడిమి లంకె తెగిన క్షణమున రెండవచోటి యంత్రములు తమ ప్రక్కనున్న సర్వరును సైతము పేరుతో కనుగొనలేవు.