మా చెల్లి నేర్చుకున్న డిజైను, వెబ్ నేర్చుకున్న డిజైను

మా పిన్ని కూతురు హైదరాబాదులో డిజైన్ కోర్సు చదువుతోంది. పోయిన వేసవి సెలవులకి ఇంటికొచ్చి పిన్ని పచ్చళ్ల వ్యాపారానికి ఒక వెబ్ పేజీ చేసింది. "అన్నయ్యా, ఎలా ఉందో చూసి చెప్పు, నిజం చెప్పాలి" అని నాకు లింకు పంపింది. ఆఫీసులో లాప్‌టాప్ మీద తెరిచాను. నిజంగానే బావుంది. ఇటుక రంగు, పక్కన జాడీ బొమ్మ, "కొత్తావకాయ వచ్చేసింది" అని పెద్ద పెద్ద అక్షరాలు. సాయంత్రం అదే పేజీ ఫోన్లో తెరిచాను. అంతే! అక్షరాలు చీమలయిపోయాయి, ఆర్డరు బటన్ వేలికి అందట్లేదు. తీరా చూస్తే అవి అక్షరాలే కాదు, బొమ్మ. పేజీ మొత్తం పోస్టరులాగా గీసి, ముక్కలు కోసి అతికించేసింది.

ఇంక నేనూరుకుంటానా? కోడు రాసేవాళ్లకి డిజైనర్లంటే ఉండే చిన్నచూపు మీకు తెలియనిదేం కాదు. "ఇది వెబ్ పేజీ కాదే, గోడకి అంటించే సినిమా పోస్టరు" అని నాలుగు జోకులేశాను. అవతల్నించి ఉలుకూ పలుకూ లేదు. రాత్రి పిన్ని ఫోన్ చేసి, "ఏమన్నావురా దాన్ని? వెబ్బూ గిబ్బూ నావల్ల కాదు, పోస్టర్లే చేసుకుంటానంటోంది" అంది.

సర్దిచెబుదామని కూర్చుని, అసలు ఈ వెబ్ డిజైన్ ఎలా మొదలైందో చదవడం మొదలెట్టాను. చదివాక సిగ్గేసింది. మా చెల్లి చేసిన తప్పునే 1996లో పెద్ద పెద్ద డిజైనర్లందరూ చేశారు. పైగా దాన్ని గొప్ప విద్య అనుకున్నారు.

కథ మొదట్నుంచీ చెప్తాను. 1989లో టిమ్ బెర్నర్స్ లీ సెర్న్‌లో వెబ్‌ని ప్రతిపాదించినప్పుడు ఆయన మనసులో ఉన్నది భౌతికశాస్త్రం వాళ్ల కాగితాలు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని చెప్పడం వరకే హెచ్‌టీఎంఎల్ పని. ఎలా కనబడాలన్నది చదివేవాడి బ్రౌజర్ ఇష్టం. అందులో డిజైనర్‌కి కుర్చీయే వెయ్యలేదన్నమాట. 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసన్ బొమ్మలు పెట్టడానికి ఒక ట్యాగు ప్రతిపాదించాడు. ఆ ఏడాదే వచ్చిన మొజాయిక్ బ్రౌజర్లో అక్షరాల మధ్యలో బొమ్మలు కనబడేసరికి జనం ఎగబడ్డారు. వాళ్లతోపాటు డిజైనర్లూ వచ్చారు.

వాళ్లకి అలవాటైంది కాగితం. ఈ గీత ఇక్కడే ఉండాలి, ఈ ఖాళీ ఇంతే ఉండాలి అంటే కాగితం వింటుంది. వెబ్ వినదు. మరేం చేస్తారు? 1995లో నెట్‌స్కేప్‌లో టేబుల్స్ వచ్చాయి. లెక్కల పట్టికల కోసం పెట్టిన ఆ గళ్లల్లో పేజీ మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా కూర్చడం మొదలెట్టారు. డేవిడ్ సీగెల్ అని, టెక్టన్ అనే ఫాంటు గీసినాయన, 1996లో ఈ కిటుకులన్నీ చెప్తూ ఒక పుస్తకం రాశాడు. అందులో అన్నింటికన్నా పేరుపడ్డది కంటికి కనబడని ఒక్క పిక్సెల్ బొమ్మ. ఖాళీ ఎక్కడ కావాలంటే అక్కడ దాన్ని సాగదీసి పెట్టడమే. నచ్చిన ఫాంటు కావాలంటే? అక్షరాల్ని బొమ్మగా చేసి అతికించడమే. ఎక్కడో విన్నట్టుంది కదూ? :)

అప్పట్లో నేర్పేవాళ్లు కూడా లేరు. కాలిఫోర్నియాలో ఒక డిజైన్ కాలేజీలో పాఠాలు చెప్పే లిండా వైన్‌మన్, వెబ్ గ్రాఫిక్స్ గురించి పుస్తకం కోసం షాపుకెళ్తే ఒక్కటీ దొరకలేదట. సరే నేనే రాస్తానని రాసింది. 1996లో అచ్చయింది. ఆవిడ పేరుతోనే పెట్టిన పాఠాల సైటుని 2015లో లింక్డ్‌ఇన్ 150 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. పాఠాలు కొనుక్కోలేనివాళ్లకి గురువు బ్రౌజర్లోని 'వ్యూ సోర్స్'. ఎవరి పేజీ నచ్చితే వాళ్ల కోడు తెరిచి చూసి, కాపీ కొట్టి, మార్చి చూసుకోవడమే. ఏకలవ్యుడి చదువు, కాకపోతే బొటనవేలు అడిగేవాళ్లు లేరు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి చెప్పాలి. 1997లో ఆ డేవిడ్ సీగెలే ఒక వ్యాసం రాశాడు. వెబ్ పాడైపోయింది, పాడుచేసింది నేనే అని దాని శీర్షిక! తన కిటుకుల వల్ల పేజీలో అర్థమూ అలంకారమూ కలగాపులగం అయిపోయాయని ఒప్పుకున్నాడు. తన పుస్తకం బాగా ఆడుతున్న రోజుల్లో అలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలండీ.

దానికి విరుగుడు అప్పటికే ఉంది. అర్థం ఒకచోట, అలంకారం ఇంకోచోట ఉండాలని హాకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులోనే సీఎస్ఎస్‌ని ప్రతిపాదించాడు. తర్వాత బెర్ట్ బాస్ తోడయ్యాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది కూడా. కానీ బ్రౌజర్లు ఒక్కోటి దాన్ని ఒక్కో రకంగా అర్థం చేసుకున్నాయి. అందుకే డిజైనర్లు చాలా ఏళ్లు టేబుల్సే పట్టుకుని వేలాడారు. వాళ్లని కదిలించింది ఉపన్యాసాలు కాదు, ఒక తోట. 2003 మేలో డేవ్ షే సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అని ఒక సైటు పెట్టాడు. హెచ్‌టీఎంఎల్ మాత్రం ముట్టుకోకూడదు. సీఎస్ఎస్ ఒక్కటీ మార్చి ఎవరికి తోచిన అందం వాళ్లు చూపించొచ్చు. ఒకే పేజీ వందల వేషాలు కట్టింది.

దానికి మూడేళ్ల ముందే, 2000 ఏప్రిల్లో, జాన్ ఆల్‌సాప్ ఇంకా లోతైన మాట చెప్పాడు. కాగితం మీద డిజైనర్‌కి ఉండే పెత్తనం నిజానికి కాగితానికున్న పరిమితి, వెబ్‌కి సాగే గుణం ఉంది కాబట్టి దాన్ని లోపం అనుకోకండి అని. జనానికి అది పూర్తిగా ఎక్కడానికి ఫోన్లు రావాల్సొచ్చింది. 2007లో ఐఫోన్ వచ్చింది. 2010 మేలో ఈథన్ మార్కాట్, తెర ఎంతుంటే అంతకి ఒదిగిపోయే పేజీలు ఎలా కట్టాలో రాసి దానికి 'రెస్పాన్సివ్' అని పేరు పెట్టాడు. కాగితం నుంచి ఇక్కడికి రావడానికి లోకానికి పదిహేనేళ్లు పట్టింది. మా చెల్లికి నేనిచ్చిన గడువు ఒక సాయంత్రం!

మర్నాడు ఫోన్ చేసి, జోకులకి క్షమాపణ చెప్పి, ఈ కథంతా వినిపించాను. సీగెల్ దగ్గరకొచ్చేసరికి నవ్వింది. "అయితే నేను 1996లో ఉన్నానంటావ్" అంది. "అవును, వేగంగా నడిస్తే సెలవులయ్యేలోపు 2010కి వచ్చేస్తావ్" అన్నాను. నిజంగానే నడిచింది. మొదటి వారం నచ్చిన సైట్ల కోడు తెరిచి చూసుకుంది. రెండో వారం జెన్ గార్డెన్ పేజీకి తనదైన వేషం కట్టింది. మూడో వారం పిన్ని పేజీని పోస్టరులా కాకుండా, సాగే ముక్కలుగా మళ్లీ కట్టింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. బొమ్మ తీసేసి నిజం తెలుగు అక్షరాలు పెడితే, "కొత్తావకాయ" కింద త-వత్తు కింది వరసలో ఉన్న "వచ్చేసింది" గుడుల మీద కూర్చుంది. పుస్తకంలో చెప్పినట్టే చేశానే అని మొత్తుకుంది. పుస్తకం రాసింది ఇంగ్లీషు అక్షరాల కోసం. మనకి పైన గుడులు, కింద వత్తులు. వరసల మధ్య ఖాళీ వాళ్లకి సరిపోయేది మనకి సరిపోదు. శీర్షికకి పెద్దబడి అక్షరాలు వాడమంటారు, మనకి పెద్దబడీ చిన్నబడీ లేవు. ఇటాలిక్ అడిగితే చాలాసార్లు బ్రౌజర్ మన గుండ్రటి అక్షరాన్ని పక్కకి వంచి ఊరుకుంటుంది. వాళ్ల బటన్లో పట్టే మాట మన భాషలో రెండింతలు సాగుతుంది.

ఈ పాఠం మనం వెనకబడి నేర్చుకోవడానికి కారణముంది. తెలుగు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా చాలాకాలం మన పేపర్ల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడాయి. ఆ ఫాంటు లేకపోతే కనబడేది పిచ్చి గీతలే, వెతుకుదామంటే గూగుల్‌కీ అర్థం కాదు. గూగుల్ ఫాంట్స్ 2010లో మొదలయ్యాక, సిలికానాంధ్ర విడుదల చేసిన, పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన మల్లన్న, మండలి లాంటి ఫాంట్లు అందులో చేరి అందరికీ ఉచితంగా దొరికాయి. అంటే తెలుగులో వెబ్ డిజైన్ నేర్చుకునే పిల్లలకి సరైన పలకా బలపం దొరికి ఎన్నో ఏళ్లు కాలేదు. తెలుగు పేజీలు అందంగా ఉండవని మనం తిడుతుంటాం గానీ, వాటిని అందంగా కట్టడం ఎక్కడ నేర్పాం?

మా చెల్లి ఏ పుస్తకమూ చూడకుండా, పిన్ని ఫోన్ పక్కన పెట్టుకుని, వత్తు గుడికి తగలనంత వరకూ ఖాళీ పెంచుకుంటూ పోయింది. ఇంగ్లీషు పేజీకి పెట్టినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు దగ్గర ఆగింది. ఇప్పుడు పిన్ని కళ్లజోడు లేకుండా తన పేజీ తనే చదువుకుంటోంది.

కాబట్టి సాటి కోడు కూలీలకి నాదొక మనవి. మీ ఇంట్లో, మీ టీంలో ఎవరైనా డిజైన్ నేర్చుకుంటూ పోస్టరు లాంటి పేజీ తెచ్చి చూపిస్తే నవ్వకండి. ఇప్పుడు ఏ ఏడాదిలో ఉన్నారో కనుక్కుని, తర్వాతి ఏడాదికి దారి చూపించండి. ఆ పేజీ తెలుగులో అయితే పక్కన కూర్చుని మీరూ నేర్చుకోండి. నేను అదే చేస్తున్నా.