పదిహేనేళ్ళ గీత: కోస్తాంధ్ర పొగాకు పరిశోధన నిధులు, పిల్లల స్థానం

పటమట నుంచి చూస్తే పొగాకు పరిశోధన చిరునామాలు దగ్గరలోనే ఉన్నాయి. కృష్ణ దాటితే గుంటూరులో 1976లో పని మొదలుపెట్టిన పొగాకు బోర్డు. ఇటు రాజమహేంద్రవరంలో 1947లో నెలకొన్న కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ. పొగాకుపై కేంద్ర ఎక్సైజు సుంకం 1943లో వచ్చింది. 1945లో భారత కేంద్ర పొగాకు సంఘం ఏర్పడింది. రాజమహేంద్రవరం సంస్థ ఆ సంఘం స్థాపించినదే. వంగడం, ఎరువు, తెగులు, బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ వంటి విషయాల పరిశోధనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికే వ్యవస్థ సిద్ధమైంది. ఆకు కాలి పొగైన తర్వాత ఆ ఇంటి పిల్లల సంగతి తెలుసుకోవడానికి ధనం ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతవరకు వచ్చింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని ఉత్తర కోస్తాలో అడ్డపొగ అంటారు. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ గల సంబంధంపై రెడ్డి, రావు అనే వైద్య పరిశోధకులు 1957లో వ్యాసం ప్రచురించారు. 1966-67లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, కోపెన్‌హాగెన్ దంతవైద్య ఆచార్యుడు పిండ్‌బోర్గ్‌ల బృందం శ్రీకాకుళంతో సహా దేశంలోని 5 జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది నోళ్ళు పరీక్షించింది. ఖర్చు భరించినది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు. పి.ఎల్.-480 ఒప్పందం కింద మనకు అమ్మిన ధాన్యానికి రూపాయల్లో పోగైన సొమ్ము అది. ఓడల్లో దిగిన గోధుమల డబ్బు అలా శ్రీకాకుళం పల్లెల్లో నోటి పరీక్షలకు ఖర్చయింది.

ఆ సర్వే 15 ఏళ్ళు నిండినవారినే లెక్కించింది. తర్వాతి దశాబ్దంలో అదే బృందం పొగాకు మాన్పించే ప్రయత్నం చేసినప్పుడూ ఎంచుకున్నది వాడకందార్లనే. నోటి క్యాన్సర్‌పై పరిశోధనకు అది సరైన పద్ధతే, తప్పు పట్టలేం. అయితే పరిశోధకులు గడప దాటి లోపలికి వెళ్ళి తల్లి నోరు చూశారు. ఆమె ఒళ్ళో బిడ్డ ఉన్నా ఆ బిడ్డ ఊపిరి పట్టికకెక్కలేదు. సాహిత్యంలోనూ ఇంచుమించు ఇంతే. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం గిరీశం దగ్గర నేర్చినది చుట్ట కాల్చడం. అక్కడా పిల్లవాడు కాల్చేవాడే.

పక్కవారి పొగ పిల్లలకు చేసే హాని గురించిన సాక్ష్యం బయటినుంచి వచ్చింది. తల్లిదండ్రుల ధూమపానానికీ మొదటి ఏడాది బిడ్డలకు వచ్చే న్యుమోనియా, బ్రాంకైటిస్‌లకూ గల సంబంధాన్ని లండన్‌లో కోలీ బృందం 1974లో చూపింది. పొగ తాగే భర్తల భార్యలపై జపాన్‌లో హిరయామా అధ్యయనం 1981లో వెలువడింది. నిధి సంగతికి వస్తే అమెరికా ఉదాహరణ విలక్షణమైనది. విమానాల్లో ప్రయాణికుల పొగ పీల్చిన పరిచారికలు 1991లో సిగరెట్ కంపెనీలపై దావా వేశారు. 1997లో రాజీ కుదిరి 30 కోట్ల డాలర్లతో ఒక వైద్య పరిశోధన నిధి ఏర్పడింది. పిల్లలను పొగ నుంచి కాపాడే పరిశోధనకై అక్కడి శిశువైద్యుల అకాడమీ 2006లో నెలకొల్పిన రిచ్‌మండ్ కేంద్రం ఆ ధనంతో నడిచింది. పొగ అమ్మినవారి సొమ్మే పొగ పీల్చినవారి అధ్యయనానికి మళ్ళింది.

మన దేశంలో ఈ విషయం ముందుగా న్యాయస్థానాల్లో, చట్టంలో కదిలింది. మురళీ దేవరా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఉత్తర్వు, 2003 చట్టం, 2008 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చిన నియమాలు బహిరంగ స్థలాలకు వర్తిస్తాయి. ఇల్లు వాటి పరిధిలో లేదు. ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం ఇంట్లో పరోక్ష ధూమపానానికి గురయ్యే వయోజనులు 2009-10లో 52 శాతం, 2016-17లో 39 శాతం. ఇక్కడా వయోజనులంటే 15 ఏళ్ళు నిండినవారే. శ్రీకాకుళం సర్వే గీసిన గీత అర్ధశతాబ్ది తర్వాత కూడా అక్కడే ఉంది. బడిపిల్లల సర్వే 13-15 ఏళ్ళవారిని అడుగుతుంది.

అంతకంటే చిన్నవారు ప్రశ్నావళికి జవాబు చెప్పలేరు. చంటిబిడ్డ ఎంత పొగ పీల్చిందో తెలియాలంటే లాలాజలంలోనో మూత్రంలోనో కొటినిన్‌ను కొలవాలి. అందుకు ప్రయోగశాల కావాలి, తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏళ్ళ తరబడి అదే ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే మనుషులు కావాలి. ఒక్కసారి తిరిగి ముగించే సర్వే కంటే దీనికి ఖర్చు ఎక్కువ.