కుటుంబ ప్రార్థన (తెలుగు క్రైస్తవ ఆచారం)

ఇంటిల్లిపాదీ రోజూ ఒకచోట కూర్చుని పాట పాడి, బైబిలు చదువుకుని, ప్రార్థన చేసుకోవడాన్ని తెలుగు క్రైస్తవులు కుటుంబ ప్రార్థన అంటారు. ప్రొటెస్టెంటు ఇళ్లలో ఇది ఎక్కువగా రాత్రి పడుకోబోయే ముందు జరుగుతుంది. కతోలిక ఇళ్లలో ఆ వేళకు జపమాల చెబుతారు. పద్ధతి బయటి దేశాల నుంచి వచ్చింది. దాని వేళనూ బాణీనీ మాత్రం చాలావరకు ఇక్కడి కూలి పనులు, ఇక్కడి పాట దిద్దాయి.

మూలాలు

రోజుకు మూడుసార్లు పరలోక ప్రార్థన చెప్పాలనీ, బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండాలనీ తొలి సంఘాల నియమావళి అయిన 'డిడాఖే'లో ఉంది. తెలుగు సంఘాల్లో ఉపవాస ప్రార్థన అనగానే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది శుక్రవారమే. తర్వాతి శతాబ్దాల్లో ఈ ప్రార్థన వేళలు ఎక్కువగా మఠాల్లోని సన్యాసుల పాలయ్యాయి. వాటిని తిరిగి ఇంటికి తెచ్చినవారిలో మార్టిన్ లూథర్ ముఖ్యుడు. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఇంటి పెద్దను ఉద్దేశించినది. నిద్ర లేవగానే, అన్నానికి కూర్చునేటప్పుడు, పడుకునేటప్పుడు ఏం చెప్పుకోవాలో ఇంట్లోవాళ్లకు నేర్పే పని ఆయన ఆ పెద్దకే అప్పగించాడు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ దాన్ని తెలుగులోకి తెచ్చి 1746లో జర్మనీలోని హాలేలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. మన అచ్చు చరిత్ర మొదట్లోనే ఇంటి ప్రార్థన ఉందన్నమాట.

కతోలికులది వేరే దారి. ప్రొటెస్టెంట్లు 'ప్రార్థన', 'ఆరాధన' అన్నచోట వాళ్లు 'జపం', 'పూజ' అన్న మాటలే నిలుపుకున్నారు. పరలోక జపం, మంగళవార్త జపం, దివ్యబలిపూజ అన్న పేర్లు అలా వచ్చినవే. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుడిగంటతో చెప్పే ప్రార్థనకు త్రికాల జపమని పేరు.

పల్లెలో సాయంత్రం

1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థించారు. దాన్ని నేటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పిలుస్తారు. ఆ తర్వాత ఒంగోలు కేంద్రంగా పనిచేసిన జాన్ క్లౌ కాలంలో మాదిగ పల్లెలు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలో చేరాయి. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కొత్తగా చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పుకోవడానికి చిన్నవే. కానీ ఊరికి వెట్టి చేసే మనిషి ఆదివారం రానన్నా, జాతరలో డప్పు కొట్టనన్నా అది ఊరి కట్టుబాటునే కాదనడం. ఊరిపెద్దల కోపం వాళ్ల కూలి మీదా తిండిగింజల మీదా పడింది. భక్తి దినచర్యను మార్చిందని అందరూ రాస్తారు గానీ, ఆ మార్పుకు ఎవరు ఎంత చెల్లించారో రాసినవాళ్లు తక్కువ.

పొలం పనివాళ్ల పగటి వేళ వాళ్లది కాదు. అందుకే పల్లెల్లో ప్రార్థన చీకటి పడ్డాకే కుదిరింది. పనుల నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక గంట కొట్టేవారు. లాంతరు పెట్టుకుని ఉపదేశి ఒక్కో మాట చెబుతుంటే, చదువు రానివాళ్లు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు వల్లెవేసేవారు. మరీ కష్టమైనది పాటగా కంఠస్థం చేసేవారు. ఇక్కడ పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు చేసిన మేలు ఇంతా అంతా కాదు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాటల నెత్తిన రాగం, తాళం అచ్చవుతాయి. అయినా పుస్తకం తెరవకుండా అన్ని చరణాలూ పాడే అమ్మమ్మలు తెలుగు క్రైస్తవ ఇళ్లలో కొత్తేమీ కాదు.

1912లో బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఈ సాయంకాలపు ఆరాధనను ఊరూరా నిలబెట్టాడు. ఇవ్వడమూ భక్తిలో భాగమేనని పట్టుబట్టినవాడు ఆయన. అన్నం వండే ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్తుంది. చేతిలో డబ్బు ఆడని ఇళ్లలో పొయ్యి దగ్గర జరిగే ప్రార్థన అదే.

తర్వాతి కాలం

1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించిన దేవదాసు అయ్యగారు మాటల కంటే మౌనానికి పెద్దపీట వేశారు. దేవుని సన్నిధిలో ఊరకే కూర్చుని ఎదురుచూడటాన్ని ఆ సంఘస్థులు 'కనిపెట్టడం' అంటారు. బక్త్ సింగ్ 1950లో హైదరాబాదులో నెలకొల్పిన హెబ్రోను సహవాసం, తెల్లవారకముందే ఎవరికి వారు బైబిలుతో ఒంటరిగా గడిపే అలవాటును బలపరిచింది. దీంతో ఇంటి ప్రార్థన పక్కనే ఒంటరి ధ్యానమూ చోటు చేసుకుంది. ఆ ధ్యానానికి రోజుకో పేజీ కావాలి. 1731 నుంచి జర్మనీలోని హెర్న్‌హూట్ మొరేవియన్లు ఏటా రోజుకో వాక్యం చొప్పున పుస్తకం వేస్తున్నారు. 1925లో అమెరికాలో మిసెస్ చార్లెస్ కౌమన్ కూర్చిన పుస్తకం 'ఎడారిలో సెలయేర్లు'గా తెలుగు ఇళ్లలో నలిగింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డు సంవత్సరమంతా గోడకో, బీరువా అద్దానికో అంటుకుని ఉంటుంది.

పని కోసం పరాయి దేశం వెళ్లినవాళ్ల వెంట కుటుంబ ప్రార్థనా వెళ్లింది. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి తెలుగు సంఘాల పెద్ద ఆరాధన ఆ రోజే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఆ సెలవూ అన్నిసార్లూ దొరకదు. సొంతూళ్లో కుటుంబ ప్రార్థన మొదలయ్యే రాత్రి తొమ్మిదికి అక్కడ సాయంత్రం ఆరున్నర, వంటగదిలో ఊపిరాడని వేళ. ఫోను గూట్లో ఆనించి, ఇంటివాళ్ల పాట వింటూ, 'ఆమేన్' దగ్గర మాత్రం గొంతు కలుపుతారు.